అక్కను నిలబెట్టిన రైలు

ఆ రైలును అక్క మొదటిసారి నా ఫోన్‌లోనే చూసింది. అవి దసరా సెలవులు. నేను గురజాల దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. సెలవులిచ్చారంటే ముందు చిలకలూరిపేట వెళ్ళి అక్క దగ్గర రెండు రోజులుండి రావడం నాకు అలవాటు. ఆ మధ్యాహ్నం తను గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను మంచం మీద పడుకుని ఫోన్‌లో ఏవో వీడియోలు చూస్తున్నాను. ఒక నీలం రంగు రైలు, పచ్చటి టీ తోటల మధ్య వంపులు తిరుగుతూ, మబ్బుల్లోకి వెళ్ళి మళ్ళీ బయటికి వస్తోంది. అక్కకు కూడా చూపిద్దామని ఫోన్ అటు తిప్పాను.

"ఏమే, మళ్ళీ మొదట్నించి పెట్టు," అంది. చూసి, "యాడిది? ఊటీనా?" అని అడిగింది.

"కాదక్కా, శ్రీలంక."

"హనుమంతుడు తగలబెట్టిన లంకేనా? మరి ఇంత పచ్చంగా ఉందేందే!"

నేను నవ్వాను. తను నవ్వలేదు. చిక్కుళ్ళ చేట పక్కకు నెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసుకుని నాలుగుసార్లు చూసింది. ఆఖరికి ఫోన్ నా చేతికిస్తూ, "ఆ కిటికీ కాడ కూచుని అట్టా చూసుకుంటా పోతే ఎట్టుంటదో," అంది. అని మళ్ళీ చిక్కుళ్ళ పనిలో పడింది.

మా అక్క అంతవరకూ నన్ను ఏదీ అడగలేదు. ఆ మాట కూడా అడగడం కింద లెక్క కాదు. అయినా నేను దాన్ని పట్టుకున్నాను.

మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో పని చేసే మా నాన్న, పైనుంచి రాయి మీద పడి చనిపోయేటప్పటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు పదహారు. అమ్మ అంతకు ముందే పోయింది. అక్క నన్ను చంకనేసుకుని, తెలిసినవాళ్ళెవరో చెప్తే చిలకలూరిపేట వచ్చి పత్తి జిన్నింగ్ మిల్లులో కూలికి చేరింది. పత్తి నుంచి గింజను వేరు చేసే మిషన్ల ముందు నిలబడి, బుట్టలతో పత్తి ఎత్తి పోస్తూ ఉండాలి. పొద్దున పోయిన మనిషి సాయంత్రం వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద, జడ మీద తెల్లటి నూగు పట్టి ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని చూసి 'అక్కా, నువ్వు ముసిల్దానివయిపోయావు' అని నవ్వేదాన్నట. తను దులుపుకుని, దగ్గి, పొయ్యి వెలిగించేది.

మధ్యలో తనకు పెళ్ళయింది. మూడేళ్ళకే బావ లారీ ప్రమాదంలో పోయాడు. మళ్ళీ చేసుకోమని మిల్లులో వాళ్ళు చెప్తే, "నాకు ఒక పిల్ల ఉంది గదా, ఇంకేం గావాల," అని నన్ను చూపించేది. నన్ను హాస్టల్లో ఉంచి చదివించింది. నా పాత వాచకాలు ముందు పెట్టుకుని తను కూడా చదవడం నేర్చుకుంది. నేను టీచర్ ట్రైనింగ్ అయ్యి, ఉద్యోగం వచ్చి, పెళ్ళి చేసుకుని గురజాలలో ఇల్లు కట్టుకున్నాక, "మిల్లు మానేసి మా దగ్గరికి రా అక్కా" అని ఎన్నిసార్లు అడిగానో. "మీ ఇంట్లో నేనేం జేసేది? గోడలు జూసుకుంటా కూచోనా?" అనేది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా ఆయన కూడా పిలిచాడు. ఆయనకీ అదే సమాధానం.

దగ్గు మాత్రం ఎప్పుడూ ఉండేది. అది నాకు ఆమె గొంతులో ఒక భాగంలాగా అలవాటైపోయింది. సీజన్ మొదలైన కొత్తలో ఎక్కువయ్యేది, సెలవు రోజున తగ్గేది. మిల్లులో అందరికీ అంతే అనేది. నేనూ అంతే అనుకున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. మా స్కూల్లో, మా బంధువుల్లో, తక్కువ ఖర్చుతో ఎక్కడికైనా వెళ్ళి రావాలంటే నన్ను అడుగుతారు. కాశీకి ఏ రైలు, ఎన్ని రోజుల ముందు టికెట్ తీయాలి, ఏ స్టేషన్‌లో దిగితే ఆటో ఖర్చు ఉండదు, ఎక్కడ సత్రం బాగుంటుంది, అన్నీ నేను చెప్పగలను. అదంటే నాకు గర్వం. మా ఆయన "ఈమెకి గవర్నమెంటోళ్ళు జీతం ఇవ్వకపోయినా బతికేస్తది," అని నవ్వేవాడు.

ఆ దసరా నుంచి వేసవి దాకా నేను శ్రీలంక రైళ్ళను చదివాను. చదవడమంటే నిజంగానే, పాత టీచింగ్ డైరీ ఒకటి తీసి అందులో రాసుకుంటూ చదివాను. చెన్నై నుంచి కొలంబోకు విమానం ఏ వారంలో చవకో, ఏ రోజుల్లో పోకూడదో రాసుకున్నాను. అక్కడ ప్రతి పౌర్ణమికీ సెలవట, ఆ రోజు రైళ్ళు కిక్కిరిసి ఉంటాయట, కాబట్టి పౌర్ణమి రాకుండా చూసుకోవాలి. స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో గది తీసుకుంటే ఆటో ఖర్చు మిగులుతుంది. తిండి మన దగ్గర నుంచి రెండు రోజులకు సరిపడా పట్టుకెళ్ళొచ్చు. ముఖ్యమైనది, టికెట్లు. అక్కడి రైళ్ళలో రిజర్వేషన్ సీట్లు ప్రయాణానికి నెల ముందు వదులుతారు. రిజర్వేషన్ లేని థర్డ్ క్లాసు టికెట్లు మాత్రం అప్పటికప్పుడు స్టేషన్‌లో కొనుక్కోవచ్చు. వాటి ధర మన దగ్గర రెండు టీలు తాగినంత.

అక్క పాస్‌పోర్టు కోసం నరసరావుపేటకు రెండుసార్లు, గుంటూరుకు ఒకసారి తిరిగాం. ఫోటో దిగేటప్పుడు ఆ అమ్మాయి నవ్వకూడదంటే, "దేశాలు దాటిపోతా ఉంటే నవ్వు రాదా ఏందమ్మా," అంది అక్క. మిల్లులో పక్కన పనిచేసేవాళ్ళందరికీ చెప్పేసింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒకటే ప్రశ్న.

"కిటికీ కాడేనా?"

"కిటికీ దగ్గరే అక్కా."

"ఏ పక్కనే? ఎడం పక్కనా కుడి పక్కనా?"

"కుడి పక్కన. నేను అన్నీ చూశాను."

నెల ముందు రిజర్వేషన్లు తెరిచిన రోజు బడికి సెలవు పెట్టి ఫోన్ ముందు కూర్చున్నాను. సీట్లు ఉన్నాయి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. క్యాండీ నుంచి ఎల్లా దాకా, కొండల మీదుగా పోయే ఆ ముఖ్యమైన ప్రయాణానికి, సెకండ్ క్లాసులో కుడి పక్కన రెండు సీట్లు పక్కపక్కనే తెర మీద కనిపించాయి. ఒక నొక్కు నొక్కితే మావే. కానీ ధర థర్డ్ క్లాసు కంటే ఎన్నో రెట్లు ఉంది. నా డైరీలో నేను వేసుకున్న ప్లాను అది కాదు. పొద్దున్నే స్టేషన్‌కు వెళ్ళి, రైలు రాగానే ముందుగా ఎక్కితే థర్డ్ క్లాసులో కూడా కిటికీ సీటు దొరుకుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. అదే కిటికీ, అవే కొండలు, ఎందుకు దండగ అనుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి వెళ్ళి బట్టలు ఆరేశాను.

తేడా ఎంతో తర్వాత మన రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. మేం ముగ్గురం, మా ఆయనా నేనూ మా అమ్మాయీ, పిడుగురాళ్ళలో ఒక పూట బిర్యానీ తింటే అయ్యేంత.

మే నెలలో వెళ్ళాం. విమానంలో అక్క బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకుని, విమానం లేచాక తెరిచి, "ఇంతేనా? మన బస్సు గుంతల్లో పడ్డప్పుడే ఎక్కువ భయం," అంది. కొలంబోలో దిగి స్టేషన్‌కు వెళ్ళాం. అక్కడ బోర్డు మీద సింహళ అక్షరాలు మన అక్షరాల్లాగా గుండ్రంగా ఉన్నాయి. అక్క వాటి ముందు నిలబడిపోయింది.

"ఇది తెలుగే గదే. చూడు, ఇది 'ర' మాదిరి లేదూ?" అంటూ కూడబలుక్కుని చదవబోయింది. ఏదీ కుదరక, "మనదే, కాకపోతే రాసినోడికి రాదు," అని తేల్చేసింది.

కొలంబో నుంచి క్యాండీకి నా ప్లాను ప్రకారమే థర్డ్ క్లాసులో ఎక్కాం. మొదటి స్టేషన్ కాబట్టి సీట్లు దొరికాయి. అక్కకు కిటికీ దొరికింది. మూడు గంటలూ తను బయటికే చూసింది. కొబ్బరి చెట్లు, వరిపొలాలు, అరటి తోటలు వచ్చినప్పుడల్లా "ఇయ్యి మనకీ ఉండయ్యి. కొండలు రానీ," అనేది. నేను నా మనసులో నన్ను మెచ్చుకున్నాను. ఆ రాత్రి క్యాండీలో స్టేషన్ వెనక గదిలో పులిహోర తిని పడుకున్నాం.

మర్నాడు పొద్దున రైలుకు గంటన్నర ముందే ప్లాట్‌ఫాం మీద ఉన్నాం. ఎక్కడ నిలబడితే థర్డ్ క్లాసు పెట్టె మా ఎదురుగా ఆగుతుందో కూడా కనుక్కున్నాను. రైలు వచ్చింది. వచ్చేసరికే తలుపుల్లో జనం వేలాడుతున్నారు.

అప్పుడు అర్థమైంది. ఆ రైలు క్యాండీలో మొదలవ్వదు. కొలంబో నుంచే వస్తుంది. నేను ఆరు నెలలు చదివి, ధరలు రాసుకుని, పౌర్ణములు చూసుకుని, ఆ రైలు ఎక్కడ బయలుదేరుతుందో చూడలేదు. ముందు రోజు కొలంబోలోనే ఈ రైలు ఎక్కి ఉంటే సరిపోయేది. లేదా ఆ రెండు సీట్లు.

"ఇప్పుడెట్టనే?" అంది అక్క.

"ఎక్కుదాం. మధ్యలో దిగుతారు," అన్నాను.

ఎక్కాం. ఎవరి మోచేతులో వీపులో గుచ్చుకుంటుండగా తలుపు పక్కన, బాత్రూం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అక్క నా సంచి కూడా తన కాళ్ళ మధ్యన పెట్టుకోవలసి వచ్చింది. అందరూ పొడుగ్గా ఉన్నారు, తను పొట్టి. తనకు కనిపించేది ముందున్న మనిషి చొక్కా వీపు. గంటసేపటికి కొండలు మొదలైనట్టున్నాయి, జనం "ఆఁ" అంటున్నారు, ఫోన్లు ఎత్తుతున్నారు. నేను మునివేళ్ళ మీద లేచి చూసి అక్కకు చెప్తున్నాను. "అక్కా, జలపాతం. అక్కా, టీ తోట." తను "ఆఁ, ఆఁ" అంటోంది.

రెండు గంటలు దాటాక తన ముఖం చూశాను. పెదవులు నల్లబడినట్టున్నాయి. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. ఛాతీ పైకీ కిందికీ ఎగిరిపడుతోంది.

"ఏమైందక్కా?"

"ఏంలేదే. కొండెక్కుతా ఉండాం గదా. గాలి పల్చన."

"కింద కూర్చో."

"ఈ తడిలోనా? నాకేం గాలేదు. మిల్లులో పొద్దస్తమానం నిలబడేదాన్ని, ఇది ఒక నిలబడటమేనా?"

నేను ఆ మాట నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను. హట్టన్ అనే స్టేషన్ దాటాక తన చెయ్యి నా భుజం మీద బరువుగా పడింది. అప్పుడు గాభరాపడి, "ఎవరైనా కొంచెం చోటివ్వండి, ప్లీజ్," అని తెలుగూ ఇంగ్లీషూ కలిపి అరిచాను. జనంలోంచి ఒకామె లేచింది. మా అక్క వయసే ఉంటుంది. టీ తోటల్లో పని చేసే మనిషి, వేళ్ళన్నీ ఆకుపసరుకు నల్లబడి ఉన్నాయి. తమిళంలో "ఉక్కారుంగ అక్కా, ఉక్కారుంగ" అంటూ జనాన్ని తోసుకుని వచ్చి, అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన సీట్లో కూర్చోబెట్టింది. కిటికీ పక్క సీటు. కుడి పక్కన.

ఆమె అక్క పక్కనే నిలబడి వీపు రాస్తూ ఉంది. సీసాలో నీళ్ళు తాగించింది. మిల్లులో తమిళ ఫిట్టర్లతో పని చేసిన అక్కకు నాలుగు ముక్కలు తమిళం వచ్చు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. అక్క తన ఛాతీ చూపించి "పంజు, పంజు" అంది. దూది అని. ఆమె తల ఊపి, తన మోకాళ్ళు చూపించింది. తర్వాత నానుఓయ స్టేషన్‌లో ఆమె దిగిపోయింది. దిగేముందు అక్క బుగ్గ నిమిరింది. నేను ఆమెకు దణ్ణం పెట్టాను. పేరు కూడా అడగలేదు.

ఆమె దిగిన కాసేపటికి అక్క నిద్రపోయింది. తల కిటికీ చట్రానికి ఆనించి, నోరు తెరుచుకుని. బయట, మేం ఫోన్‌లో చూసిందంతా అక్కడే ఉంది. కొండ పక్కన మబ్బు, దాని కింద ఇంకో కొండ, టీ చెట్ల వరసలు దువ్విన తలలాగా. సొరంగం వచ్చింది, మళ్ళీ వెలుతురు వచ్చింది. సొరంగంలో పిల్లలు కేకలు వేశారు. అక్క లేవలేదు. గాలికి తన ముందు జుట్టు ఎగిరి ముఖం మీద పడుతోంది. నేను రెండుసార్లు చెయ్యి చాచాను, లేపుదామని. ఆ ఊపిరి అప్పుడే సర్దుకుంది. లేపలేకపోయాను. లేపి ఉండవలసిందా? ఇప్పటికీ తెలియదు.

ఎల్లా స్టేషన్ వచ్చేముందు తనే కళ్ళు తెరిచింది. చుట్టూ చూసుకుంది. కొండలు అయిపోయి ఇళ్ళు కనిపిస్తున్నాయి. నా ముఖం చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి.

"చానా బాగుందే," అంది. "ఎంత పచ్చంగా ఉంది! నా జన్మలో చూడలా."

నేను తల ఊపాను. తిరుగు ప్రయాణం బస్సులో చేశాం. డైరీలో అలాగే ఉంది, బస్సు ఇంకా చవక.

వచ్చిన వారానికి, చిలకలూరిపేటలో తన గది ముందు అరుగు మీద మిల్లు ఆడవాళ్ళు నలుగురు కూర్చుని ఉంటే, అక్క వాళ్ళకు ఆ ప్రయాణం చెప్పడం నేను లోపల్నుంచి విన్నాను.

"ఒక్కో మలుపు తిరిగేకాడ మన పెట్టెలోంచి ఇంజన్ కనపడతది. సొరంగం వచ్చిద్ది, చిమ్మచీకటి, పిల్లలు ఒకటే గోల. బయటికొస్తే మబ్బు చేతికి తగిలిద్ది. అట్టా చెయ్యి చాపితే సల్లంగా..."

అది ఫోన్‌లో నాలుగుసార్లు చూసిన వీడియో. సొరంగంలో పిల్లల గోల తిరుగు బస్సులో నేను చెప్పింది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. "టికెట్ ఎంత పడింది?" అని ఒకామె అడిగితే, "మా చెల్లెలు ఉండగా మనకు ఖర్చేంది, అన్నీ చదివి పెట్టుద్ది," అంది. నేను వంటింట్లో స్టవ్ దగ్గరే నిలబడి ఉన్నాను. పాలు పొంగిపోయాయి.

వానలు మొదలయ్యాక అక్క ఆయాసం తగ్గలేదు. మెట్లు ఎక్కితే కూర్చోవలసి వచ్చేది. ఈసారి తను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా గుంటూరులో ఒక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే దీపానికి పెట్టి చాలాసేపు చూశాడు. ఏం పని చేస్తారమ్మా అని అడిగాడు. అక్క చెప్పింది. ఎన్నేళ్ళ నుంచి అన్నాడు. "నా చెల్లెలు చిన్నపిల్లప్పట్నుంచి," అంది.

అక్కను బయట కూర్చోబెట్టి నాకు చెప్పాడు. పత్తి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు రెండూ బిగుసుకుపోయాయి, గుండె మీద కూడా భారం పడింది, చాలా ముందే రావలసింది అన్నాడు. నేను రైలు సంగతి చెప్పాను. మూడు గంటలు నిలబడిందని, పెదవులు నల్లబడ్డాయని చెప్పాను. దాని వల్ల వచ్చింది కాదమ్మా, అన్నాడాయన. అది ఎప్పట్నుంచో ఉంది, ఆ రోజు మీకు కనిపించింది, అంతే. నా మీద దయతోనే అన్నాడు. కానీ ఆయన చెప్పింది నాకు ఇంకోలా వినిపించింది. ఎప్పట్నుంచో ఉన్నదాన్ని నేను అన్నేళ్ళూ చూడలేదు. కనిపించిన రోజున కూడా గాలి పల్చన అంటే నమ్మాను.

అప్పుడు అక్కను గురజాల తీసుకొచ్చేశాను. మిల్లు మానేయడానికి ఈసారి తను ఏమీ అనలేదు, అనడానికి ఊపిరి లేదు. ముందు గదిలో మంచం, పక్కన ఆక్సిజన్ మిషన్. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని ముందు ఆ మిషన్ గొట్టాలు చూసేవాడు. కరెంటు పోతే ఇబ్బంది లేకుండా ఇన్వర్టర్ పెట్టించాడు. నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని.

మాఘమాసంలో ఒక ఆదివారం, ఎండ కిటికీలోంచి పడుతుంటే అక్కకు తల దువ్వుతున్నాను. ఆ రోజు కొంచెం తేటగా ఉంది. నేను ఆగలేకపోయాను.

"అక్కా, నీకు నయమయ్యాక మళ్ళీ పోదాం. ఈసారి ఫస్ట్ క్లాసులో. మంచి సీట్లు తీస్తాను."

"ఎందుకే దండగ."

"దండగ కాదు. అక్కా... అప్పుడు సీట్లు ఉన్నాయి. నేను చూశాను. రెండు సీట్లు ఉన్నాయి. డబ్బులు మిగుల్చుదామని తీయలేదు. నీకు కిటికీ దగ్గర అని చెప్పి నిలబెట్టి తీసుకెళ్ళాను."

దువ్వెన నా చేతిలోనే ఉండిపోయింది.

"కిటికీ దొరికినాక గూడా నేను నిద్రబోయాను గదా," అంది. "నువ్వు నన్నే జూస్తా ఉండావని తెలుసు నాకు."

"మరి చూశానని అందరికీ ఎందుకు చెప్పావు?"

"చూడలేదని జెప్తే నువ్వు ఏడుస్తావు. ఆరు నెలలు పుస్తకం ముందేసుకుని కూచున్నావు." ఊపిరి తీసుకుంది. "ఏడవబాకే. సీటు దొరికితే ఆ టీ తోటామె ఎట్టా దొరికేది? వీపు ఎంతసేపు రుద్దింది... అమ్మ పోయినాక నా వీపు ఎవురూ రుద్దలా."

అది నన్ను ఊరుకోబెట్టడానికి అందని నాకు తెలుసు. కానీ అందులో నిజం కూడా ఉంది, అదే నన్ను ఎక్కువ కోసింది. నలభై ఏళ్ళు నా వీపు రుద్దిన మనిషి తను. హాస్టల్‌కు వచ్చిన ప్రతి ఆదివారం నా తలకు నూనె పెట్టింది, నా కాళ్ళు నొక్కింది. తిరిగి తన వీపు మీద చెయ్యి వేయాలని నాకు ఎప్పుడూ తోచలేదు. పరాయి దేశంలో, పేరు తెలియని ఒక మనిషికి తోచింది. పొదుపు నాకు అక్క దగ్గర నుంచే వచ్చిందని అందరితో గొప్పగా చెప్పుకునేదాన్ని. తను చేసిన పొదుపు తన ఒంటి మీద. నేను చేసిన పొదుపు కూడా తన ఒంటి మీదే.

ఆ మధ్యాహ్నం నుంచి నేను ప్రతిరోజూ తన వీపు రుద్దాను. పూస పూసా తగిలేది. పందొమ్మిది రోజులు రుద్దాను. ఇరవయ్యో రోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే, "పలకలు దిద్దించేటప్పుడు పిల్లల్ని కొట్టబాకే," అంది. ఎందుకన్నదో తెలియదు. మొదటి పీరియడ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు.

అక్క పోయిన పదో రోజున మిల్లు ఆడవాళ్ళు చిలకలూరిపేట నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఆరుగురు. అక్క ఫోటో ముందు కూర్చుని ఏడ్చారు, తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే వంట దగ్గర పని అందుకున్నారు. భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే వాళ్ళలో పెద్దామె నా దగ్గరికొచ్చింది. మిల్లులో అక్క పక్క మిషన్ దగ్గర పని చేసిన మనిషి.

"అమ్మాయ్, మీ అక్క ఒక మాటంది. వచ్చే ఎండాకాలం మమ్మల్ని కూడా ఆ కొండల రైలుకి నువ్వు తీసకపోతావని. చవగ్గా తీసకపోద్ది మా చెల్లెలు, అంది. ఇప్పుడు అడగాల్సిన మాట కాదనుకో. ఊరికే జెప్తా ఉండా. అంత బాగుందంట గదా."

ఆ ఆరుగురూ నా వైపు చూస్తున్నారు. అందరివీ అవే ముఖాలు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

అక్క నిద్రపోయిందని, ఏమీ చూడలేదని చెప్దామనుకున్నాను. నోరు తెరిచాను. "బాగుంది పెద్దమ్మా. చాలా బాగుంది," అన్నాను. తర్వాత, "ముందు మీరందరూ ఒకసారి గుంటూరు రావాలి. డాక్టరు దగ్గరికి. నేను తీసుకెళ్తాను," అన్నాను.

"మాకేమయింది?" అంది పెద్దామె.

"దగ్గు."

"మిల్లులో అందరికీ అంతేలే అమ్మాయ్."

ఆ ఆదివారం ఇద్దరే వచ్చారు. తర్వాతి వారం ఇంకొకామె వచ్చింది. పెద్దామె రాలేదు, కూలి పోతుందని. నేను మళ్ళీ వెళ్ళి అడిగాను. మళ్ళీ వెళ్తాను. గుంటూరు బస్సులో వాళ్ళు కూర్చున్నారో లేదో చూసుకున్నాకే నేను కూర్చుంటున్నాను. దాని వల్ల అక్క తిరిగి రాదు, ఆ మూడు గంటలూ తిరిగి రావు. ఇంట్లో తన మంచం మీద ఇప్పుడు మా ఆయన బట్టలు మడతపెట్టి ఉంచుతున్నాడు. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా "అక్కా" అనబోయి ఆగుతాను. ఒక్కోసారి ఆగలేను. పిలిచేస్తాను. మా ఆయన పక్క గదిలోంచి విని కూడా విననట్టే ఉంటాడు.